చిలమకూరు గుడికి సున్నం

కడప జిల్లా ఎర్రగుంట్ల దాటగానే పొలాల కంచెలు మారిపోతాయి. మా గుంటూరు వైపు ముళ్ళకంపో ఇనుపతీగో ఉండాల్సిన చోట ఇక్కడ నాపబండలు నిలువునా పాతి ఉంటాయి. పశువుల కొట్టానికి గోడ బండే, నీళ్ళ తొట్టికి అంచు బండే, బస్సు కోసం కూర్చునే అరుగూ బండే. పాలిష్ ఫ్యాక్టరీల ముందు కోసిన పలకలు దొంతర్లుగా పేర్చి ఉన్నాయి. రంపాల కిందనుంచి వచ్చే నీళ్ళు బూడిదరంగు బురదై రోడ్డు పక్క కాలువలో గడ్డకడుతున్నాయి. దేశమంతా వంటింటి గట్టుకు కొనే 'కడప రాయి' ఈ చుట్టుపక్కలదే. మా అమ్మ ఏళ్ళ తరబడి చపాతీలు ఒత్తుతున్న నల్లబండ పుట్టిల్లు చూడటానికి నాకు ఇంతకాలం పట్టింది.

నేను చిలమకూరు వెళ్ళింది గుడికి, అంటే అక్కడి చర్చికి, సున్నం కొట్టడానికి. నాతో పనిచేసే మిత్రుడిది ఆ ఊరు. క్రిస్మస్ ముందు సంఘస్తులందరూ కలిసి చర్చిని శుభ్రం చేసుకుంటారనీ, బెంగుళూరులో ఉన్నా హైదరాబాదులో ఉన్నా వీలైనవాళ్ళు ఆ పనికి చేరుకుంటారనీ ఎప్పుడూ చెబుతుండేవాడు. మాది గుంటూరు లూథరన్ సంఘం. 1842 జూలై 31న మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరులో అడుగుపెట్టిన రోజును ఇప్పటికీ గుర్తుచేసుకునే పట్టణం మాది. మా చర్చికి వాచ్‌మన్ ఉన్నాడు, ఊడ్చే మనిషి ఉంది, రంగులు వేయించడానికి కమిటీ ఉంది, ఆ కమిటీ మీద ఇంకో కమిటీ ఉంది. నా జన్మలో నేను చర్చి గచ్చు తుడవలేదు. అందుకే మిత్రుడు రమ్మనగానే బయల్దేరాను.

డిసెంబరులో ఆ నేల చూడాలి. అంతా నల్లరేగడి. కనుచూపు మేర శనగ పైరు మోకాలి కిందకు పచ్చగా పరుచుకుని ఉంటుంది. పొద్దున్నే ఆ ఆకు పట్టుకుంటే మంచుతో పాటు ఒక పులుపు వేళ్ళకు అంటుతుంది. చేనులో నడిచొచ్చిన ఆడవాళ్ళ చీర కుచ్చిళ్ళు తడిసి ఉంటాయి. ఆ పచ్చదనం పైన థర్మల్ విద్యుత్ కేంద్రం చిమ్నీలు. గోదావరి జిల్లాల్లో కొబ్బరి చెట్లు ఆకాశాన్ని గీసినట్టు ఇక్కడ ఈ పొగగొట్టాలు గీస్తాయి. అందంగా ఉందని అనను. కానీ వాటిని తీసేస్తే మిగిలేది మరీ ఒట్టి ఆకాశం.

దారిలో కలమళ్ళలో దిగాం. థర్మల్ కేంద్రం పక్కనే ఆ ఊరు. చెన్నకేశవాలయం ఉన్న ఊరు. పూర్తిగా తెలుగులో రాసిన శాసనాల్లో మొదటిదని చెప్పుకునే రాయి ఇక్కడిదే. క్రీ.శ. 575 ప్రాంతంలో రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు వేయించాడు. చిలమకూరుకు కూడా రేనాటి చోళుల శాసనం ఉంది. అంటే ఈ ఎర్రగుంట్ల మండలంలో పొలం గట్టున పాతిన బండకూ తెలుగు అక్షరానికీ పద్నాలుగు వందల ఏళ్ళ పరిచయం.

ఆ ఆలయం ముందు నిలబడి ఉంటే ఒక లెక్క తోచింది. లండన్ మిషన్ వాళ్ళు కడపలో పని మొదలుపెట్టింది 1822లో, విలియం హొవెల్ అనే ఆయనతో. ఆ తర్వాతి దశాబ్దాల్లో ఈ జిల్లాలో, పక్కనున్న కర్నూలు జిల్లాలో మాల, మాదిగ పేటల్లో సంఘాలు ఏర్పడ్డాయి. సంఘంతో పాటే ఒక బోద కొట్టంలో బడి, ఆ బడికి ఒక ఉపదేశి. పగలు పిల్లలకు, రాత్రి దీపం పెట్టి పెద్దవాళ్ళకు. 575లో రాతి మీదికెక్కిన అక్షరం అదే మండలంలోని పేటలోకి నడిచి రావడానికి పన్నెండు వందల ఏళ్ళకు పైగా పట్టిందన్నమాట. ఊరి గుడి గడప దాటనివ్వని వాళ్ళకు, ఊరి బడి వసారాలో కూర్చోనివ్వని వాళ్ళకు, తాళం చెవి తమ చేతిలో ఉన్న మొదటి కట్టడం చర్చి. చిలమకూరు చేరాక మిత్రుడి నాయన దగ్గర ఆ మాట ఎత్తితే ఆయన తేలిగ్గా తీసేశారు. "మా నాయనకు సంతకం నేర్పించింది ఈ గుడే. అంతకుమించి నాకు చరిత్ర తెల్దు" అన్నారు.

ఊళ్ళోకి అడుగుపెట్టగానే మొదటి ప్రశ్న, "ఏ ఊరు సామీ మీది?" రెండో ప్రశ్న, "బువ్వ తిన్యావా?" రెండో ప్రశ్నకు జవాబు వినే ఓపిక ఎవరికీ ఉండదు. తిన్నానన్నా కంచం పెడతారు. గుంటూరు నుంచి వచ్చానని తెలిసి ఒక అవ్వ నన్ను తేరిపార చూసింది. "అంత దూరం నుంచి సున్నం కొట్టేకి వచ్చినావా? మీ యాడ గోడల్లేవా?" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు. మా వైపు కొత్త మనిషి దొరికితే ముందు కులం ఆరా తీస్తారు, ఆ తర్వాత మంచినీళ్ళిస్తారు. ఇక్కడ ఆరా లేదని కాదు, కూడు పెట్టిన తర్వాత తీస్తారు.

ఆ పూట సంగటి, శనగాకు పప్పు, చెనక్కాయల ఊరిబిండి. సంగటి ముద్దను వేలితో గుంట చేసి పప్పు పోసుకోవడం నాకు అన్నం పెట్టిన ఇంటి మనవడు నేర్పాడు. వాడికి ఆరేళ్ళుంటాయి. నేను నమలడం చూసి "మింగల్ల" అని గట్టిగా అరిచాడు.

గుడి చిన్నది. తాతల నాటి రాతిగోడలు, మధ్యలో సున్నపు గచ్చు, పైన బండలు పరిచిన మిద్దె, దాని మీద చౌడు మట్టి. గంట స్థానంలో ఒక రైలు పట్టా ముక్క వేలాడుతూ ఉంది. దానిని కొట్టే ఇనుప కడ్డీ పిల్లలకు అందనంత ఎత్తులో కొక్కేనికి తగిలించి పెట్టారు. ముందు ఆవరణలో వేపచెట్టు. చెట్టు కింద ఆ సాయంత్రం సంఘ పెద్దలు, యౌవనస్థులు, స్త్రీల మైత్రి వాళ్ళు కూర్చున్నారు. నేను ఊహించింది పనుల పంపకం. జరిగింది పెద్ద తగువు.

తగువు సున్నం గురించే. బెంగుళూరు నుంచి వచ్చిన కుర్రాళ్ళు డబ్బు పోగుచేసుకుని వచ్చారు. కువైట్‌లో ఉన్నవాళ్ళు కూడా పంపారు. గోడలకు సిమెంటు పూత పూసి, మీద రంగులు వేసి, కింద టైల్స్ పరచాలని వాళ్ళ ఉద్దేశం. "ఇంకా సున్నమేంది పెద్దాయనా? పక్కూరి గుడి సూడు, ఎట్ల మెరుస్తాండాదో" అన్నాడొకడు. వాడి మాటలో పొగరు లేదు, ఉక్రోషం ఉంది. చిన్నప్పుడు పండగ రోజు పక్కూరి పిల్లల ముందు తమ గుడి వెలవెలపోవడం చూసినవాడి ఉక్రోషం. పెద్దలు తలలూపారు. వాళ్ళకూ మెరిసే గుడి కావాలి. ఒక్క బేల్దారి మాత్రం ఒప్పుకోలేదు.

ఆ బేల్దారి సంఘస్తుడు కాదు, ముసల్మాను. పక్క ఊరి నుంచి మిద్దె కారుతుంటే చూడమని పిలిపించారు. ఆయన లేచి గోడ దగ్గరికి వెళ్ళి, ఎవరో కొన్నేళ్ళ కింద కిటికీ కింద సిమెంటుతో మాటు వేసిన చోట వేలి కణుపుతో కొట్టాడు. డొల్ల శబ్దం వచ్చింది. గోరుతో గీకితే అరచేయంత పెచ్చు ఊడి కిందపడింది. లోపల రాతి మీద తెల్లటి ఉప్పు పూసి ఉంది. "పాత గోడ నాయనా ఇది. నేల్లో నుంచి తడి ఎక్కతాది. సున్నమైతే ఆ తడిని బయటికి ఇడుస్తాది. సిమెంటు పూస్తే అది యాడికి పోవల్ల? లోపల్నే ఉండి గోడను తింటాది" అన్నాడు.

ఈ సంగతి పాత కట్టడాలు బాగుచేసే ఇంజనీర్లందరూ చెప్పేదే. సున్నపు దర్జు, సున్నపు పూత గాలి ఆడనిస్తాయి. సిమెంటు గట్టిగా మూసేస్తుంది. మూసేసిన చోట తేమ, తేమలోని లవణాలు పేరుకుని రాయినే పెచ్చులు లేపుతాయి. కానీ ఇంజనీరు చెబితే ఆ కుర్రాళ్ళు వినేవాళ్ళని నేననుకోను. పెచ్చు వాళ్ళ కళ్ళ ముందే ఊడింది కాబట్టి విన్నారు. టైల్స్ డబ్బు మిద్దెకు మళ్ళింది. అదైనా ఏకగ్రీవంగా కాదు. ఒకడు అలిగి ఆ రాత్రి కారల్స్‌కు కూడా రాలేదు.

సరుకుకు ప్రొద్దుటూరు వెళ్ళాం. ఆ ఊరిని రెండో బొంబాయి అంటారు. బంగారం అంగళ్ళు చూస్తే ఎందుకంటారో తెలుస్తుంది. కర్నూలు, అనంతపురం వైపు నుంచి కూడా పెళ్ళి నగలకు జనం ఇక్కడికే వస్తారు. వాసవీ కన్యకా పరమేశ్వరి గుడి దసరాకు మైసూరుతో పోటీ పడుతుందని ఊరివాళ్ళ గర్వం. మేం మాత్రం కారం దోశ తిని సున్నం అంగడి వెతుక్కుంటూ పోయాం. దోశ గురించి ఒక మాట చెప్పాలి. ఎర్రకారం పూసి, పైన పప్పుల పొడి చల్లి, పెనం మీద నుంచి తీయగానే పెడతారు. గుంటూరు వాణ్ణి, కారానికి భయపడితే పరువు పోతుంది. నీళ్ళు అడగకుండా తిన్నాను.

అంగట్లో సున్నం బస్తా తిప్పి చూస్తే దాని మీద పిడుగురాళ్ళ పేరుంది. పల్నాడు సున్నం! సున్నపురాతి మీద కూర్చున్న ఊరు, తన గోడకు సున్నం మా వైపు నుంచి తెప్పించుకుంటోంది. ఇక్కడి రాయి పలకలుగా వంటిళ్ళకూ, పొడై సిమెంటు ఫ్యాక్టరీలకూ పోతుంది. బట్టీ పెట్టి సున్నం కాల్చే ఓపిక ఎవరికీ లేకపోయిందని అంగడాయన చెప్పాడు. రెండు బస్తాలు, నారకుంచెలు, నీలిమందు, తుమ్మ జిగురు కట్టించుకున్నాం.

సున్నం కలపడం ముందు రాత్రే మొదలవుతుంది. సగం నీళ్ళు పోసిన ఇనుప డ్రమ్ములో సున్నపు గడ్డలు వేశారు. మొదట ఏమీ కాలేదు. తర్వాత ఒక్కసారిగా బుసలు కొడుతూ ఉడకడం మొదలైంది. పొయ్యి లేదు, మంట లేదు, అయినా డ్రమ్ము పక్కన చెయ్యి పెట్టలేం. పిల్లల్ని దూరంగా నెట్టేశారు, కంట్లో పడితే చూపు పోతుందని. కాల్చినప్పుడు రాయి పోగొట్టుకున్న నీళ్ళను ఇప్పుడు ఆబగా తాగుతోందని మిత్రుడి నాయన పిల్లలకు చెప్పారు. నిజానికి బట్టీలో రాయి పోగొట్టుకునేది నీళ్ళు కాదు, బొగ్గుపులుసు గాలి. గోడకెక్కాక నెమ్మదిగా ఆ గాలినే మళ్ళీ పీల్చుకుని సున్నం తిరిగి రాయవుతుంది. ఆయన చెప్పిన తీరు ఎంత బాగుందంటే, నేను నోరు మెదపలేదు.

తెల్లారేసరికి పెరుగులా పేరుకున్న సున్నాన్ని పాత పంచెతో వడకట్టి, జిగురు, చిటికెడు నీలిమందు కలిపారు. ముందు గోడకు నీళ్ళు చల్లాలి. పొడి గోడ సున్నంలోని నీళ్ళను తాగేస్తే పూత పొడిపొడిగా రాలుతుంది. మొదటి పూత నిలువుగా, రెండోది అడ్డంగా. కుంచె లాగిన వెంటనే చూస్తే ఏమీ కొట్టనట్టే నీళ్ళ చారలుంటాయి. నేను అదే చోట మళ్ళీ మళ్ళీ రుద్దుతుంటే పక్కనున్న ఆమె, "ఇడ్సిపెట్టు నాయనా, ఆరినాక తెల్లబడతాది. నీకు తొందరెక్కువ" అంది. మధ్యాహ్నానికి ఆమె చెప్పినట్టే తేలింది.

మిద్దె మీద మగవాళ్ళు. పాత చౌడు తీసి, బండల సందుల్లో సున్నం ఇసుక కూరి, కొత్త చౌడు పరిచి దిమ్మిసతో కొడుతున్నారు. చౌడు మట్టి పైరుకు పనికిరాదు, ఊరవతల తెల్లగా పొంగి ఉంటుంది. కానీ మిద్దె మీద పరిచి అణిచికొడితే చుక్క నీరు దిగనివ్వదు. పంట పండని నేల ఇంటికి కప్పు కావడం సీమ వాళ్ళ తెలివి. మా డెల్టాలో ఇలాంటి నేలను తిట్టడం తప్ప ఎవరికీ ఏమీ తెలియదు.

పని ఎక్కువ చేసింది ఎవరంటే నిస్సందేహంగా ఆడవాళ్ళు. కొళాయి దగ్గర నుంచి బిందెలతో నీళ్ళు మోసింది వాళ్ళు, గచ్చు పీచుతో రుద్దింది వాళ్ళు, వంట వాళ్ళదే. సంఘ పెద్ద పురమాయింపులు చేస్తూ అటూ ఇటూ తిరుగుతుంటే స్త్రీల మైత్రి పెద్దమ్మ ఒకావిడ బిందె దించి, "పనికి మేము, పెత్తనానికి మీరు. బాగుండాది" అంది. ఆయన నవ్వేశాడు. నవ్వితే తీరే సంగతి కాదది. వేపచెట్టు కింద తగువులో ఆవిడ గొంతు ఒక్కసారి కూడా వినపడలేదని అప్పుడు గుర్తొచ్చింది. గోడకు సున్నమా సిమెంటా అని ఏటా ఆ గచ్చు రుద్దేవాళ్ళను ఎవరూ అడగలేదు. ఇందులో మా గుంటూరుకూ చిలమకూరుకూ తేడా లేదు.

సాయంత్రం సమాధుల తోటలో కంపచెట్లు నరికారు. సర్కారు తుమ్మ ముల్లు చెప్పును చీల్చుకుని దిగుతుంది. పిల్లలు సమాధుల మీది పేర్లు పోటీపడి చదువుతున్నారు. పేరు లేనివి చాలా ఉన్నాయి, తలవైపు ఒక నాపబండ పాతి ఉంటుందంతే. వాటికీ సున్నం పూశారు. ఒకరు కువైట్‌కు వీడియో కాల్ చేసి, అక్కడి మనిషికి వాళ్ళ అమ్మ సమాధి చూపించారు. అతను చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి "కాళ్ళకాడ ఇంకోసారి పూయండన్నా" అన్నాడు. పూశారు.

పని ముగిశాక జమ్మలమడుగు వెళ్ళాం. క్యాంప్‌బెల్ ఆసుపత్రి చూడాలని నా కోరిక. లండన్ మిషన్ డాక్టరు థామస్ విన్సెంట్ క్యాంప్‌బెల్ 19వ శతాబ్దం చివర్లో ఇక్కడ వైద్యం మొదలుపెట్టారు. గుల్బర్గాలో చదువు ముగించుకుని వచ్చిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి కొంతకాలం డాక్టరుగా పనిచేసింది ఈ మిషన్ ఆసుపత్రిలోనే. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథీడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) ఏర్పడినప్పుడు లండన్ మిషన్ సంఘాలు అందులో కలిశాయి. 1950లో రాయలసీమ అధ్యక్ష మండలం వచ్చింది. దొరలు వెళ్ళిపోయారు, ఇంగ్లండు నుంచి వచ్చే డబ్బు తగ్గింది, బంగళాలు, ఆసుపత్రులు, బడులు, పేటల్లోని గుళ్ళు మిగిలాయి. పెద్దవాటి సంగతి పత్రికల్లో వస్తుంది. పేటల్లోని గుళ్ళు మాత్రం ఎవరి సున్నం వాళ్ళు కొట్టుకుంటే ఉన్నాయి, లేకపోతే లేవు.

అక్కడి నుంచి గండికోట. పెన్న ఎర్రమల కొండల్ని నిలువునా కోసిన ఆ లోయను అందరూ ఫోటోల్లో చూసినదే, నేను వర్ణించను. నాతో వచ్చిన కుర్రాళ్ళు లోయ అంచున ఫోటోలు దిగాక, పని వాసన వదలక, జామియా మసీదు గోడనూ ధాన్యాగారం కప్పునూ తడిమి చూడటం మొదలుపెట్టారు. "ఇది కూడా సున్నమే కదన్నా?" అన్నాడొకడు. టైల్స్ కావాలని గట్టిగా వాదించినవాడే. సున్నమే. శతాబ్దాల వానకు తడిసి, ఎండకు ఎండి అలాగే నిలబడి ఉంది. వాడు మారిపోయాడని చెప్పను. తిరుగు దారిలో మళ్ళీ రంగుల గురించే మాట్లాడాడు, కానీ ఈసారి సున్నంలో కలిపే రంగుల గురించి.

నేను పులివెందుల మీదుగా తిరిగొచ్చాను. ముద్దనూరు దాటాక నేల రంగు మారుతుంది, చీనీ తోటలు, అరటి తోటలు మొదలవుతాయి. పులివెందుల సీఎస్ఐ చర్చి క్రిస్మస్ రోజు వై.ఎస్. కుటుంబం మూలంగా టీవీలన్నిటిలో కనపడుతుంది. పెద్ద చర్చి, చక్కగా ఉంది, చూసేవాళ్ళు ఉన్నారు. కాసేపు కూర్చుని వచ్చేశాను. నా చేతివేళ్ళు అప్పటికీ సున్నానికి పగిలి మండుతున్నాయి.

పట్నాల్లో, పరాయి దేశాల్లో ఉండి సొంత ఊరి గుడికి డబ్బు పంపేవాళ్ళకు ఒక విన్నపం. పాత రాతిగోడల గుడి అయితే సిమెంటు పూతకూ టైల్స్‌కూ డబ్బు కట్టే ముందు, సున్నపు పని తెలిసిన బేల్దారి ఒకరిని పిలిపించి గోడ కొట్టి చూపించమనండి. మిద్దె కారుతుంటే ముందు మిద్దె బాగుచేయించండి. ఏం చేయాలో నిర్ణయించే కూటంలో, ఏటా ఆ గచ్చు కడిగే ఆడవాళ్ళను కూడా కూర్చోబెట్టండి. వీలైతే డిసెంబరులో ఒక రోజు సెలవు పెట్టి మీరే వెళ్ళండి. కుంచె అక్కడ ఇస్తారు.